డిస్ట్రిబ్యూటర్ తీసి మళ్ళీ పెట్టాక ఇంజన్ స్టార్ట్ కావట్లేదు, టైమింగ్ ఎలా సెట్ చేయాలి?

నాలుగోగేరు:
అన్నలూ కొంచెం చూడండి, మూడు రోజుల్నించి ఇదే పని మీదున్నా. పాత పెట్రోల్ కారు, నాలుగు సిలిండర్లు, కార్బురేటర్, పాయింట్ల డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వరసగా స్పార్క్ పంచేది), ఎలక్ట్రానిక్ అనేది ఎక్కడా లేదు. రెండేళ్ళు కదలకుండా పడుంది, అంతకుముందు బానే తిరిగేది. సరే కొత్త పాయింట్లు కండెన్సర్ వేద్దామని డిస్ట్రిబ్యూటర్ మొత్తం బయటికి లాగా, బెంచి మీద పెట్టి శుభ్రంగా తుడిచా, అంతా అయ్యాక గుర్తొచ్చింది తీసేముందు రోటర్ (దాని లోపల తిరిగే ముల్లు) ఎటు చూస్తోందో గుర్తు పెట్టుకోలేదని 😭 ఎలా దిగితే అలా పెట్టేసి బిగించా. ఇప్పుడు సెల్ఫ్ కొడితే ఇంజన్ చక్కగా తిరుగుతుంది కానీ అంటుకోదు, మధ్యమధ్యలో కార్బురేటర్ లోంచి ఠప్ ఠప్ అని కొడుతుంది, ఒకసారి చిన్న మంట కూడా కనబడింది. ప్లగ్గులు తీసి చూస్తే తడిగా ఉన్నాయి కాబట్టి పెట్రోల్ వస్తోంది. స్పార్క్ కూడా వస్తోంది. బ్యాటరీ 12.5 చూపిస్తోంది. డిస్ట్రిబ్యూటర్ ని అటూ ఇటూ తిప్పుతూ సెల్ఫ్ కొట్టి చూశా, ఏ తేడా లేదు. మాన్యువల్ ప్రకారం టైమింగ్, అంటే స్పార్క్ పడాల్సింది, పిస్టన్ పై కొసకి రావడానికి 8 డిగ్రీలు ముందు, ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. అసలు ఇంజన్ స్టార్ట్ అయితేనే కదా టైమింగ్ లైట్ పెట్టి చూసుకునేది, స్టార్టే కానప్పుడు టైమింగ్ ఎలా పెడతారు?

స్పానర్‌సెట్:
డిస్ట్రిబ్యూటర్ 180 డిగ్రీలు తిరిగి ఉంటుంది బ్రో. క్యాప్ మీద 1 వైరు 4 దగ్గర, 4 ది 1 దగ్గర పెట్టు, అలాగే 2, 3 మార్చు. సెల్ఫ్ కొట్టు. అయిపోయింది.

కార్బ్‌బాబాయ్:
స్పానర్‌సెట్ చెప్పిందే అయ్యుండొచ్చు, నేను కూడా పందెం దాని మీదే కాస్తా, కానీ తమ్ముడూ గుడ్డిగా వైర్లు మార్చొద్దు, ముందు పిస్టన్ ఎక్కడుందో తెలుసుకో. ఇంజన్ స్టార్ట్ కాకుండానే టైమింగ్ పెట్టొచ్చు, ఒక 12 వోల్టుల బల్బు చాలు. టైమింగ్ లైట్ అనేది తర్వాత సరిచూసుకోడానికే.

ముందు ఆ డిస్ట్రిబ్యూటర్ తిప్పుతూ సెల్ఫ్ కొట్టడం ఆపెయ్. తడిసిన ప్లగ్గులతో కార్బురేటర్ లోంచి మంట వస్తోందంటే బానెట్ కింద అగ్గి పుట్టడానికి ఎంతోసేపు పట్టదు. ప్లగ్గులు నాలుగూ తీసి ఆరబెట్టు, ఎలాగూ ఇంజన్ చేత్తో తిప్పాలి, ప్లగ్గులు లేకపోతే తేలిగ్గా తిరుగుతుంది.

ఇక అసలు సంగతి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ ఒక్క చుట్టే తిరుగుతుంది. అంటే ఒకటో పిస్టన్ రెండు సార్లు పైకొస్తే అందులో ఒక్కసారే కంప్రెషన్, రెండోసారి పొగ బయటికి తోసేటప్పుడు వస్తుంది. పుల్లీ మీద మార్కు మాత్రం రెండు సార్లూ ఒకేలా వచ్చి పాయింటర్ దగ్గర నిలబడుతుంది, దానికి తేడా తెలీదు. నువ్వు పొగ బయటికి పోయే చుట్టులో పెట్టి ఉంటే ఇన్‌టేక్ వాల్వు అప్పుడే తెరుచుకుంటుండగా స్పార్క్ పడుతుంది, ఆ మంట తెరిచిన వాల్వు గుండా వెనక్కి కార్బురేటర్ లోకి తంతుంది. నీ ఠప్ ఠప్ అదే. అందుకే డిస్ట్రిబ్యూటర్ ని అటూ ఇటూ ఎంత తిప్పినా లాభం లేదు, బాడీ తిరిగేది కొన్ని డిగ్రీలే, నీకు కావాల్సింది అర చుట్టు.

బండి న్యూట్రల్ లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇగ్నిషన్ ఆఫ్ చేసి, ఒకటో సిలిండర్ ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు గట్టిగా నొక్కిపెట్టు. ఇంకొకరితో క్రాంక్ పుల్లీ బోల్టుకి స్పానర్ వేయించి ఇంజన్ తిరిగే వైపే మెల్లగా తిప్పించు. ఒక చుట్టులో వేలికి ఏమీ తెలీదు, ఇంకో చుట్టులో గాలి వేలిని తోసేస్తుంది, ఆపుదామన్నా ఆగదు. అదే కంప్రెషన్. అక్కణ్ణించి ఇంకా మెల్లగా తిప్పి పుల్లీ మార్కుని 8 డిగ్రీల గీత దగ్గరికి తీసుకురా. దాటిపోతే అక్కడికక్కడే వెనక్కి తిప్పి ఆపొద్దు, పావు చుట్టు వెనక్కి పోయి మళ్ళీ ముందుకి రా, లేకపోతే టైమింగ్ చైన్ లో ఉన్న లూజు నిన్ను రెండు మూడు డిగ్రీలు మోసం చేస్తుంది. మార్కులు జిడ్డులో కనబడకపోతే తుడిచి సుద్దముక్కతో రాయి.

ఇప్పుడు క్యాప్ తీసి రోటర్ ఎటు చూస్తోందో చూడు. ఒకటో వైరు దిక్కు చూస్తే బాగున్నట్టే. సరిగ్గా ఎదురు దిక్కు, అంటే నాలుగో వైరు దిక్కు చూస్తే 180 తిరిగినట్టు. రెండింటికీ మధ్యలో చూస్తే గేరు పళ్ళు తప్పి కూర్చున్నట్టు, దాన్ని తీసి మళ్ళీ పెట్టుకోవాలి. ఒక మాట చెప్పు, డిస్ట్రిబ్యూటర్ అడుగున గేరు ఉందా, లేక పలకలాంటి డాగ్ ఉందా? డాగ్ అయితే చాలా వాటిల్లో అది మధ్యలో కాకుండా ఒక పక్కకి జరిగి ఉంటుంది, ఒకే రకంగా కూర్చుంటుంది, 180 తప్పే ఛాన్సే ఉండదు.

నాలుగోగేరు:
గేరే బాబాయ్, ఏటవాలు పళ్ళు. దించుతుంటే రోటర్ దానంతటదే కొంచెం తిరుగుతుంది.

కార్బ్‌బాబాయ్:
అవును ఏటవాలు గేరు అలాగే తిరుగుతూ కూర్చుంటుంది, కాబట్టి ఎంత తిరుగుతుందో అంత ముందే వెనక్కి పెట్టి దించాలి. సరే అయితే 180 ఛాన్స్ ఉంది.

పాయింట్లు కొత్తవి అన్నావు కదా, గ్యాప్ ఎంత పెట్టావు? ఎందుకడుగుతున్నానంటే టైమింగ్ పెట్టేముందే గ్యాప్ పెట్టాలి, తర్వాత కాదు. స్పార్క్ పడేది పాయింట్లు విడిపోయే క్షణంలో. గ్యాప్ పెంచితే తొందరగా విడిపోతాయి, తగ్గిస్తే ఆలస్యంగా విడిపోతాయి, అంటే గ్యాప్ ముట్టుకున్న ప్రతిసారీ టైమింగ్ కూడా కదులుతుంది. టైమింగ్ ముట్టుకుంటే మాత్రం గ్యాప్ మారదు.

రింగ్‌పిస్టన్:
బాబాయ్ చెప్పిందానికి నాదొక చిన్న ముక్క. కొత్త పాయింట్ల మీద తుప్పు పట్టకుండా పల్చగా నూనె పూత ఉంటుంది, తుడవకుండా బిగిస్తే స్పార్క్ బలహీనంగా వస్తుంది లేదా రాదు. పెట్రోల్ తడిపిన గుడ్డ కాకుండా మామూలు దళసరి కాగితం ముక్క పాయింట్ల మధ్య పెట్టి లాగినా చాలు. ఇంకోటి, పాయింట్ల టెర్మినల్ దగ్గర ఉండే ఇన్సులేషన్ వాషర్లు. నేనోసారి వాటిని వరస తప్పించి వేసి ఒక రోజంతా స్పార్క్ ఎందుకు రావట్లేదా అని కాయిల్ మార్చి, కండెన్సర్ మార్చి, చివరికి చూస్తే వైరు డైరెక్ట్ గా బాడీకి తగులుతోంది, పాయింట్లు విడిపోయినా ఎర్త్ ఎప్పుడూ ఉన్నట్టే 😂 నీకు స్పార్క్ వస్తోంది కాబట్టి అది కాదులే, చదివేవాళ్ళ కోసం చెప్తున్నా. స్పార్క్ ఏ రంగులో వస్తోంది, నీలమా పసుపా? పసుపు ఎరుపుగా సన్నగా వస్తుంటే కండెన్సర్ మీద అనుమానం పెట్టు, కొత్తదైనా సరే.

నాలుగోగేరు:
స్పార్క్ నీలంగానే ఉంది, టప్ టప్ మని వినబడుతోంది కూడా. గ్యాప్ 0.4 మి.మీ. పెట్టా ఫీలర్ గేజ్ తో, మాన్యువల్ లో అదే ఉంది. కాకపోతే... డిస్ట్రిబ్యూటర్ బిగించాక పెట్టా, నిజం చెప్పాలంటే అప్పుడు క్యామ్ ఎత్తు మీద రబ్బింగ్ బ్లాక్ (క్యామ్ నెడితే పాయింట్లని తెరిచే ముక్క) ఉందో లేదో చూసుకోలేదు.

కార్బ్‌బాబాయ్:
చూసుకోకపోతే ఆ 0.4 కి అర్థం లేదు. రబ్బింగ్ బ్లాక్ సరిగ్గా క్యామ్ కొస మీదున్నప్పుడు, అంటే పాయింట్లు పూర్తిగా విచ్చుకున్నప్పుడు కొలవాలి. ముందు అది చెయ్. చేశాక బల్బు పని.

బల్బు ఒక వైరు కాయిల్ మీద డిస్ట్రిబ్యూటర్ వైపు పోయే సన్న వైరు టెర్మినల్ కి, రెండోది ఎర్త్ కి. క్రాంక్ 8 డిగ్రీల దగ్గర, కంప్రెషన్ చుట్టులో ఉండాలి, మర్చిపోకు. డిస్ట్రిబ్యూటర్ క్లాంపు కొంచెం వదులు చెయ్, ఇగ్నిషన్ ఆన్ చెయ్. పాయింట్లు మూసుకుని ఉంటే కరెంటు వాటి గుండా ఎర్త్ కి పోతుంది, బల్బు వెలగదు. విడిపోయిన క్షణం వెలుగుతుంది. బాడీని ముందు రోటర్ తిరిగే వైపే తిప్పు, బల్బు ఆరిపోయేదాకా. తర్వాత రోటర్ తిరిగే దిక్కుకి ఎదురుగా మెల్లగా, చాలా మెల్లగా తిప్పు, బల్బు వెలిగిన చోట ఆపు, క్లాంపు బిగించు. బిగించేటప్పుడు కదులుతుంది, అందరికీ కదులుతుంది, అందుకని ఇంజన్ ని చేత్తో రెండు చుట్లు పూర్తిగా తిప్పి సరిగ్గా 8 దగ్గరే వెలుగుతోందా లేదా మళ్ళీ చూడు. ఇగ్నిషన్ ఆన్ చేసి వదిలేసి టీకి పోవద్దు, పాయింట్లు మూసుకున్న చోట ఆగి ఉంటే కాయిల్ వేడెక్కి పోతుంది.

స్పానర్‌సెట్:
ఇంత తతంగం ఎందుకు బాబాయ్, వైర్లు మార్చి, ఒకడు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకడు డిస్ట్రిబ్యూటర్ తిప్పితే ఎక్కడో ఒక చోట అంటుకుంటుంది, అంటుకున్నాక చెవితో పెట్టుకోవచ్చు. పాత మేస్త్రీలంతా చెవితోనే పెట్టారు, వాళ్ళ దగ్గర ఏ లైట్ ఉంది?

కార్బ్‌బాబాయ్:
పాత మేస్త్రీలకి చెవి ఉంది, మనకి లేదు. అడ్వాన్స్ ఎక్కువైన చోట, అంటే స్పార్క్ మరీ ముందు పడే చోట, సెల్ఫ్ కొడితే ఇంజన్ వెనక్కి తంతుంది, సెల్ఫ్ మోటార్ ముక్కు విరిగిన బళ్ళు నేను చూశా, ఫ్లైవీల్ పళ్ళు పోతే గేర్ బాక్స్ దించాలి. చెవి చేసే తప్పు ఇంకోటుంది, అడ్వాన్స్ పెంచేకొద్దీ ఐడిల్ పెరిగి ఇంజన్ హుషారుగా వినబడుతుంది, ఇంకా బాగుంది ఇంకా బాగుంది అనుకుంటూ పోతే లోడ్ మీద నాకింగ్ మొదలవుతుంది.

నాలుగోగేరు:
అప్‌డేట్. బాబాయ్ చెప్పినట్టే వేలు పెట్టి చూశా, కంప్రెషన్ మీద రోటర్ సరిగ్గా నాలుగో వైరు దిక్కు చూస్తోంది, అంటే 180. డిస్ట్రిబ్యూటర్ తీసి తిప్పి మళ్ళీ పెట్టా, రెండు సార్లు ఒక పన్ను అటూ ఇటూ అయ్యింది, మూడోసారికి కూర్చుంది. గ్యాప్ మళ్ళీ పెట్టా (ఉన్నది 0.4 కంటే ఎక్కువే, సిగ్గుగా ఉంది). బల్బు పెట్టి 8 దగ్గర సెట్ చేశా, రెండు చుట్లు తిప్పి చూసుకున్నా, కరెక్ట్ గా గీత మీదే వెలుగుతోంది. ప్లగ్గులు ఆరబెట్టి వేశా.

సెల్ఫ్ కొడితే ఇప్పుడు ఠప్ ఠప్ లేదు, కానీ ఇంజన్ ధబ్ మని ఆగి వెనక్కి తన్నినట్టు అవుతోంది, సెల్ఫ్ ఇరుక్కున్నట్టు మూలుగుతోంది. ఒక్కసారి అంటుకుని రెండు సెకన్లు గరగరమని ఆడి ఆగిపోయింది. ప్లగ్గులు తీసి సెల్ఫ్ కొడితే మాత్రం హాయిగా తిరుగుతోంది. అన్నీ చెప్పినట్టే చేశా కదా మరి 😞

రింగ్‌పిస్టన్:
వెనక్కి తన్నడం అంటే స్పార్క్ మరీ ముందు పడుతోంది. 8 దగ్గర ఉంటే అలా తన్నకూడదు. అడ్వాన్స్ వెయిట్లు (వేగం పెరిగేకొద్దీ స్పార్క్ ని ముందుకి జరిపేవి) ఇరుక్కుపోయి ఉన్నాయేమో చూడు, రెండేళ్ళు ఊరికే ఉంది కదా. రోటర్ ని వేళ్ళతో తిరిగే వైపు తిప్పి వదిలితే స్ప్రింగు లాగి వెనక్కి రావాలి.

నాలుగోగేరు:
వస్తోంది అన్నా, బెంచి మీద ఉన్నప్పుడు శుభ్రం చేసి నూనె చుక్క వేశా. ఇప్పుడు కూడా చూశా, వదిలితే టక్ మని వెనక్కొస్తోంది. వాటి వల్లే అయితే బల్బు టెస్ట్ లో కూడా తేడా కనబడాలి కదా?

కార్బ్‌బాబాయ్:
కరెక్ట్ గా ఆలోచించావు. వెయిట్లు తెరుచుకుని ఇరుక్కున్నా నువ్వు బల్బుతో పెట్టింది ఆ స్థితిలోనే కాబట్టి స్టార్టింగ్ లో 8 యే ఉంటుంది. అంటే బల్బు అబద్ధం చెప్పట్లేదు. మరి అబద్ధం చెప్పేది ఏదైనా ఉంటే అది పుల్లీ మార్కే. నీ క్రాంక్ పుల్లీ ఒకటే ఇనప ముద్దా, లేక మధ్యలో రబ్బరు ఉండి బయట ఇంకో రింగు ఉందా?

నాలుగోగేరు:
లోపల ఒక హబ్, చుట్టూ సన్నటి రబ్బరు పట్టీ, బయట రింగు. మార్కు బయటి రింగు మీద ఉంది. రబ్బరు అక్కడక్కడ పగిలి బయటికి పొడుచుకొచ్చింది.

కార్బ్‌బాబాయ్:
దొరికింది అనుకుంటున్నా. ఆ రబ్బరు ఏళ్ళ తరబడి నూనె తాగి పట్టు వదిలేస్తే బయటి రింగు హబ్ మీద జారుతుంది, మార్కు దాంతో పాటు పోతుంది. నేను మొదటే అడగాల్సింది, మార్కు నమ్మమని నీకు చెప్పింది నేనే.

నిజమైన టీడీసీ, అంటే పిస్టన్ సరిగ్గా పై కొసకి వచ్చే చోటు, కనుక్కోవాలి. ప్లగ్ రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి పిస్టన్ పైకొచ్చి ఆగింది అని చూస్తే పనికిరాదు, పైన పిస్టన్ కదలికే ఉండదు. 75 మి.మీ. స్ట్రోక్ ఉన్న ఇంజన్ లో పై కొస నుంచి 5 డిగ్రీలు తిరిగినా పిస్టన్ దిగేది 0.2 మి.మీ. లోపే, కంటికి ఏం తెలుస్తుంది. పైగా ప్లగ్ రంధ్రం ఏటవాలుగా ఉంటే స్క్రూడ్రైవర్ ఇరుక్కుని వంగుతుంది.

అందుకని పిస్టన్ ని పైదాకా పోనివ్వకుండా ఆపాలి. ఒక పాత ప్లగ్ లోపలి పింగాణీ పగలగొట్టి తీసేసి, ఆ ఖాళీ గుల్లలో ఒక బోల్టు బిగించు, కొస గుండ్రంగా అరగదియ్యి, పిస్టన్ కి గీత పడకూడదు. దాన్ని ఒకటో సిలిండర్ లో బిగించు, మిగతా ప్లగ్గులు తీసే ఉండాలి. కంప్రెషన్ చుట్టులో మొదలుపెట్టు, అప్పుడు రెండు వాల్వులూ మూసి ఉంటాయి, వెనక్కి తిప్పి రెండో వైపు వచ్చేసరికి ఇన్‌టేక్ వాల్వు తెరిచి ఉండొచ్చు, బోల్టు దానికి తగలకుండా చూసుకో. బ్యాటరీ వైరు పీకేయ్, పొరపాటున ఎవడైనా సెల్ఫ్ కొడితే పిస్టన్ కి బొక్క పడుతుంది. ఇప్పుడు చేత్తో మెల్లగా తిప్పు, పిస్టన్ బోల్టుకి తగిలి ఆగుతుంది, పాయింటర్ ఎదురుగా పుల్లీ మీద గీత పెట్టు. వెనక్కి తిప్పుకుంటూ రా, రెండో వైపు నుంచి వచ్చి మళ్ళీ తగులుతుంది, అక్కడ ఇంకో గీత. రెండు గీతల మధ్య, దగ్గరి వైపు, సరిగ్గా సగం దగ్గర అసలు టీడీసీ. రెండుసార్లు చేసి చూడు, పుల్లీ బోల్టు వదులవకుండా జాగ్రత్త.

డిగ్రీలు ఎలా అంటావేమో, పుల్లీ చుట్టూ కాగితం పట్టీ చుట్టి చుట్టుకొలత కొలువు, దాన్ని 360 తో భాగిస్తే ఒక డిగ్రీ ఎన్ని మి.మీ. అన్నది వచ్చేస్తుంది.

స్పానర్‌సెట్:
బాబాయ్ ఒక చిన్న డౌటు 😁 మార్కు జారిపోయి ఉంటే, రెండేళ్ళ క్రితం దాకా బండి బానే తిరిగింది అన్నాడు కదా, మరి అప్పుడు టైమింగ్ ఎవరు ఎలా పెట్టారంటారు?

కార్బ్‌బాబాయ్:
చెవితో పెట్టారు. సరేనా? 😄

నాలుగోగేరు:
అప్‌డేట్, ఈసారి మంచిదే. చుట్టుకొలత 450 మి.మీ. వచ్చింది, అంటే డిగ్రీకి 1.25. రెండు గీతల మధ్య సగం దగ్గర తెల్ల పెయింట్ పెట్టా, పాత సున్నా మార్కుకి దానికి 23 మి.మీ. తేడా, అంటే 18 డిగ్రీల పైనే. పాత మార్కు సున్నా దగ్గరికొచ్చాక కూడా పిస్టన్ ఇంకా పైకి పోతూనే ఉంది. అంటే నేను 8 అనుకుని పెట్టింది నిజానికి 26, తన్నక ఏం చేస్తుంది పాపం. కొత్త మార్కు నుంచి 10 మి.మీ. ముందు ఇంకో గీత పెట్టి బల్బుతో మళ్ళీ సెట్ చేశా.

ప్లగ్గులు మార్చి చోక్ లాగి సెల్ఫ్ కొడితే రెండో తిరుగుడుకే అంటుకుంది!! మొదట నిమిషం పాటు తెల్లపొగ, ఒక సిలిండర్ తప్పుతూ ఉంది, తర్వాత నాలుగూ కలిశాయి. స్పానర్‌సెట్ అన్నా మీ 180 కరెక్టే, అదొక్కటే కాకపోయింది అంతే.

స్పానర్‌సెట్:
సూపర్ బ్రో. ఇప్పుడు చెవితో ఒక డిగ్రీ... సరే సరే బాబాయ్ కొడతారు.

కార్బ్‌బాబాయ్:
భేష్. ఇంజన్ బాగా వేడెక్కాక టైమింగ్ లైట్ పెట్టు, తెల్ల పెయింట్ గీతలే చూడు పాతది చెరిపెయ్. వాక్యూమ్ గొట్టం డిస్ట్రిబ్యూటర్ దగ్గర పీకి, కార్బురేటర్ వైపు కొస మూసి, ఐడిల్ మాన్యువల్ లో చెప్పినంత ఉంచి చూడు. 8 దగ్గర నిలబడాలి, రేజ్ చేస్తే గీత మెల్లగా ముందుకి జరగాలి, వదిలితే వెనక్కి రావాలి. ఫ్యాను దగ్గర చేతులు జాగ్రత్త, ఆ లైట్ లో ఫ్యాను ఆగినట్టు కనబడుతుంది.

ఆ గీతల్ని కూడా ఎక్కువ రోజులు నమ్మకు, రింగు ఒకసారి జారింది కాబట్టి మళ్ళీ జారుతుంది, రేపు లైట్ లో చూసే అంకె ఎల్లుండికి పనికిరాకపోవచ్చు. పుల్లీ మార్చేదాకా బండి బయటికి తీయకు. రబ్బరు పూర్తిగా వదిలేస్తే ఆ రింగు బెల్టుతో సహా ఊడొచ్చి ఎదురుగా ఉన్న రేడియేటర్ లోకే పోతుంది.

నాలుగోగేరు:
ఇంజన్ ఆపేశా బాబాయ్. పుల్లీ బోల్టు వదులు చేయడానికి ఇంజన్ తిరక్కుండా ఎలా పట్టుకోవాలి, టాప్ గేరులో వేసి బ్రేక్ తొక్కితే చాలా?

రింగ్‌పిస్టన్:
చాలు. ఇంకొకరిని కూర్చోబెట్టి బ్రేక్ తొక్కించు, నువ్వు పొడుగు రాడ్ వేసి లాగు. రాకపోతే దెబ్బ కొట్టు, బోల్టుకే కొట్టు, ఆ రింగుకి మాత్రం కాదు.